పిచ్చుకగూడు నిలవాలంటే ఎంత నీరు కావాలి?

జూన్ నెలాఖరులో ఒక ఉదయం, మా వీధిలో కొత్తగా కడుతున్న ఇంటి ముందు లారీ దింపిపోయిన ఇసుక కుప్ప దగ్గర, పక్కింటి నాలుగేళ్ళ పాప పిచ్చుకగూడు కట్టడం నేను దాదాపు గంటసేపు చూశాను. ముందురోజు రాత్రి కురిసిన చిరుజల్లుకు కుప్ప పైపొర కొద్దిగా తడిసింది గానీ లోపలి ఇసుక పొడిగానే ఉంది. పాప కుడి పాదాన్ని కుప్ప అంచున పెట్టి, దానిమీద రెండు చేతులతో ఇసుక పోసి, అరచేతులతో తట్టి, ఊపిరి బిగబట్టి పాదాన్ని మెల్లగా వెనక్కి లాగింది. గూడు కూలిపోయింది. పక్కనున్న బకెట్లోంచి దోసిలితో నీళ్ళు తెచ్చి పోస్తే ఈసారి జావలా జారిపోయింది. ఐదోసారో ఆరోసారో ఆమె తొందరపడలేదు. పిడికెడు ఇసుక తీసి, పిసికి, అది ముద్ద కడుతోందని తెలిశాకే పాదంమీద వేసుకుంది. గూడు నిలిచింది.

ఆ పిడికిలిలో జరిగినది భౌతికశాస్త్రమే. ఇసుక రేణువుల మధ్య కొద్దిపాటి నీరు చేరితే అది ఒక రేణువు నుంచి మరో రేణువుకు సన్నని వంతెనల్లా నిలుస్తుంది. ఆ నీటి తలతన్యత, అంటే నీటి ఉపరితలం బిగుసుకుపోయే గుణం, రేణువులను ఒకదానివైపు ఒకటి లాగి పట్టి ఉంచుతుంది. నీరు లేకపోతే వంతెనలే ఉండవు. ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వంతెనలన్నీ కలిసిపోయి ఆ పట్టు సడలిపోతుంది. ఎత్తయిన ఇసుక కట్టడం నిలవడానికి ఘనపరిమాణంలో సుమారు ఒక శాతం నీరు చాలని 2012లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. పాపకు ఆ అంకె తెలియదు, కానీ ఆ తడి ఎంతో ఆమె చేతికి తెలిసింది. ముందు ఒక ఊహ చేసింది, పరీక్షించింది, ఫలితాన్ని బట్టి ఊహను మార్చుకుంది; ప్రతిసారీ ఆమె తప్పును ఇసుకే సరిదిద్దింది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల చదువుకు ఆరుబయలే అసలైన తరగతి అని నేను నమ్మడానికి కారణం ఇదే: మట్టి, నీరు, పుల్ల, రాయి పిల్లలు చేసిన ప్రతి పనికీ అక్కడికక్కడే నిజాయితీగా జవాబు చెబుతాయి.

మా మనవణ్ణి మూడేళ్ళప్పుడు చేర్పించిన ప్లేస్కూలు ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉండేది. గోడలమీద ఏనుగులు, సీతాకోకచిలుకల బొమ్మలు, నేలమీద రబ్బరు చాపలు, వేసివున్న కిటికీలు. నాలుగో నెలకే వాడి చేతికి నాలుగు గీతల పుస్తకమిచ్చి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టారు. వాడు పెన్సిలును పిడికిలితో బిగించి పట్టుకుని, భుజం మొత్తం కదిలిస్తూ రాసేవాడు. చేయి నొప్పిగా ఉందని సాయంత్రం చెప్పేవాడు. అది బద్ధకమని అక్కడివాళ్ళు అన్నారు. శరీరశాస్త్రం మరోలా చెబుతుంది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థిగానే ఉంటాయి. మూడేళ్ళ నాటికి వాటిలో కొన్నింటిలోనే ఎముక ఏర్పడటం మొదలవుతుంది. ఎనిమిదవదాని వంతు వచ్చేసరికి పిల్లలకు ఎనిమిదేళ్ళు దాటుతాయి. వేళ్ళతో పెన్సిలును నేర్పుగా కదపడానికి ముందు భుజం, మోచేయి, అరచేయి బలపడాలి. కొమ్మ పట్టుకుని వేలాడటం, తడి మట్టి పిసకడం, నీళ్ళ చెంబు ఒలకకుండా మోయడం, చింతగింజలు ఒక్కొక్కటిగా ఏరడం ఆ పని చేస్తాయి. రాతకు ముందు రావలసిన చదువు చేతులకు ఇలాగే అబ్బుతుంది.

చేతుల సంగతి ఇలా ఉంటే కాళ్ళ సంగతి ఇంకా స్పష్టం. నార్వేలో ఇంగున్ ఫ్యోర్టాఫ్ట్ అనే పరిశోధకురాలు ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లలను రెండు జట్లుగా గమనించారు. ఒక జట్టు రోజూ బడి పక్కనున్న అడవిలో ఆడుకుంది, మరొకటి మామూలు ఆటస్థలంలో ఆడుకుంది. సుమారు తొమ్మిది నెలల తరువాత అడవిలో ఆడిన పిల్లల సమతౌల్యం, అవయవాల సమన్వయం మెరుగ్గా కనిపించాయని 2001లో ఆమె ప్రచురించారు. కారణం ఊహించడం కష్టం కాదు. చదునైన గచ్చుమీద ప్రతి అడుగూ ముందటి అడుగు లాంటిదే. వేర్లు, గుంతలు, వాలు ఉన్న నేలమీద ఏ రెండు అడుగులూ ఒకటి కావు. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు తల ఎటు తిరిగిందో, కండరాల్లోని గ్రాహకాలు కాలు ఎంత వంగిందో మెదడుకు చెబుతుంటే, మెదడు క్షణక్షణం ఆ లెక్క సరిచూసుకుంటూ పోతుంది.

ఈ విషయంలో హైదరాబాద్‌కు దొరికిన వరం మరే నగరానికీ సులభంగా దొరకదు. మన గుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. ఖాజాగూడలోనూ, గచ్చిబౌలి విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు నిలిచిన ఆ రాళ్ళ పాదాల దగ్గర, మోకాలెత్తు గుండు ఒకటి చాలు, నాలుగేళ్ళ పిల్లవాడికి ఒక పూట చదువుకు. రాయి ఎండకు ఎటువైపు వేడెక్కింది, నీడ ఎటు పడింది, పగులులో నీరు ఎక్కడ నిలిచింది, తొండ ఎందుకు తల ఊపుతోంది అని అడగని పిల్లవాడు ఉండడు.

కళ్ళ సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ ఆధారం చాలా గట్టిది. హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనబడే లోపం, ఉన్న పిల్లల్లో సాధారణంగా కనుగుడ్డు ముందునుంచి వెనక్కు అవసరానికి మించి సాగుతుంది; దాంతో దూరపు వస్తువుల బింబం రెటీనాకు ముందే ఏర్పడుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల ఒకటో తరగతి పిల్లలపై మూడేళ్ళు సాగిన పరీక్షలో, సగం బడులు రోజూ 40 నిమిషాల ఆరుబయటి తరగతిని అదనంగా చేర్చాయి. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ బడుల్లో 30.4 శాతం పిల్లలకు, మిగతా బడుల్లో 39.5 శాతం పిల్లలకు కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. ట్యూబులైటు వెలిగే గదిలో వెలుతురు, దాన్ని కొలిచే లక్స్ అనే ప్రమాణంలో, సాధారణంగా కొన్ని వందలు మాత్రమే. బయట మబ్బు పట్టిన పగలు కూడా అది వేలల్లో ఉంటుంది, నడి ఎండలో లక్ష దాకా చేరుతుంది. ప్రకాశవంతమైన వెలుతురు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలను పెంచి కనుగుడ్డు సాగుదలను అదుపు చేస్తుందన్నది ఇప్పటికి బలంగా ఉన్న వివరణ. వేపచెట్టు నీడలో కూర్చున్నా గదిలోకంటే ఎన్నో రెట్ల వెలుతురు కంటికి అందుతుంది కాబట్టి దీనికోసం పిల్లలను ఎండలో నిలబెట్టనక్కరలేదు.

మట్టిని ముట్టుకోవడం గురించి తల్లిదండ్రుల భయం నాకు తెలుసు, అది అర్థంలేనిది కూడా కాదు. ఫిన్లాండ్‌లో మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలున్న కొన్ని శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణల్లో అడవి నేల పొరలు, పచ్చిక, మొక్కల తొట్లు ఏర్పాటు చేసి, పిల్లలను 28 రోజులు వాటిలో ఆడనిచ్చారు. వారి చర్మంమీది సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగిందని, రక్తంలో రోగనిరోధక వ్యవస్థను క్రమబద్ధం చేసే సూచికలు మెరుగుపడ్డాయని 2020లో ప్రకటించారు. అది 75 మంది పిల్లలతో చేసిన చిన్న అధ్యయనం. పైగా వీధికుక్కలు, పిల్లులు తిరిగే మన నేలలో నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు. కాబట్టి ఇసుక గుంటను రాత్రిపూట టార్పాలిన్‌తో కప్పాలి, ఆట కాగానే సబ్బుతో చేతులు కడిగించాలి, గోళ్ళు కత్తిరించాలి, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ వచ్చే నులిపురుగుల నివారణ దినాల్లో మాత్ర తప్పక వేయించాలి. డెంగీ దోమ పగలే కుడుతుంది కనుక తొట్లలో నీరు నిలవకుండా చూసుకోవాలి. ఇంతమాత్రం చేస్తే మట్టికి భయపడి తలుపులు మూసుకోవలసిన అవసరం లేదు.

ఈ ఆలోచనకు రెండు శతాబ్దాల చరిత్ర దగ్గరపడుతోంది. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం సంస్థను ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టినప్పుడు అందులో నిజంగానే పిల్లలు సాగుచేసే మడులుండేవి. 1950ల తొలినాళ్ళలో డెన్మార్క్‌లో ఎల్లా ఫ్లాటౌ అనే తల్లి పిల్లలను రోజూ అడవిలోకి తీసుకువెళ్ళడం అటవీ శిశుపాఠశాలల ఉద్యమానికి బీజమైంది. మనకు మాత్రం ఇది దిగుమతి సరుకు కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో చెట్ల కింద పాఠాలు మొదలుపెట్టారు. గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దశను ఆటే ఆధారమైన పునాది దశగా గుర్తించింది.

అయితే డెన్మార్క్ పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చి ఇక్కడ నాటితే బతకదు. చెడ్డ వాతావరణం అంటూ ఉండదు, సరిపడని దుస్తులే ఉంటాయని స్కాండినేవియాలో ఒక నానుడి ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌కు అది వర్తించదు. పిల్లల శరీర బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం ఎక్కువ కావడంతో బయటి వేడి వారికి త్వరగా ఎక్కుతుంది. మన బడులకు మన కార్తెలే క్యాలెండరు కావాలి. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆరుబయటి పాఠం తొమ్మిది లోపే ముగియాలి, అదీ చెట్టునీడలో, కుండనీళ్ళు పక్కన పెట్టుకుని. జూన్ చివర్లో ఆరుద్ర కార్తె వానలకు నేలమీదికి వచ్చే ఎర్రని ముఖమల్ లాంటి ఆరుద్ర పురుగును అరచేతిలోకి తీసుకున్న పిల్లలకు, అది కీటకం కాదనీ సాలీడుకు దగ్గరి చుట్టమనీ కాళ్ళు లెక్కపెడితే తెలిసిపోతుంది: ఎనిమిది ఉంటాయి. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి పూలను రంగుల వారీగా వేరుచేసి, అడుగున పెద్ద చుట్టు, పైకి పోయేకొద్దీ చిన్న చుట్టుగా పేర్చడంలో వర్గీకరణ, వరుసక్రమం, వృత్తం అన్నీ ఉన్నాయి. అంతకన్నా మంచి గణిత పాఠం ఐదేళ్ళలోపు పిల్లలకు నాకు కనిపించలేదు.

దెబ్బలు తగలవా అని అడుగుతారు. మోకాళ్ళు దోక్కుపోతాయి. నార్వేకు చెందిన ఎలెన్ సాండ్‌సెటర్ 2007లో పిల్లలు కోరి వెతుక్కునే సాహసపు ఆటలను ఆరు రకాలుగా వర్గీకరించారు. ఎత్తు, వేగం, పెనుగులాట, పెద్దల కంటికి దూరంగా వెళ్ళడం వాటిలో కొన్ని. ఎంత ఎత్తు నుంచి దూకగలనో తెలుసుకోవడం పిల్లలకు అవసరమైన జ్ఞానమే. పిల్లవాడి కంటికి కనబడని ప్రమాదాలను, అంటే పాము దాగే రాళ్ళ సందులు, మూతలేని సంపులు, తెగిన తీగలు వంటి వాటిని పెద్దలు ముందే తొలగించాలి. వాడికి కనబడే ఎత్తును వాడికే వదిలేయాలి.

ఇందుకు అడవి అక్కరలేదు. ప్రతి అంగన్‌వాడీకీ, ప్రతి ప్లేస్కూలుకూ ఒక ట్రాక్టరు ఇసుక, నీళ్ళ కుళాయి, ఒక కానుగ చెట్టు, కొన్ని కొబ్బరి చిప్పలు, పొద్దున్నే గంటసేపు బయట కూర్చునే ఓపికగల టీచరూ ఆయా ఉంటే మొదలుపెట్టవచ్చు. ఆవరణ లేనిచోట కాలనీ పార్కులో ఉదయం ఒక మూల అడిగి తీసుకోవచ్చు. వేలకు వేలు ఫీజులు కట్టే తల్లిదండ్రులు ఎయిర్ కండిషనర్ గురించి అడిగే ముందు ఇసుక ఎక్కడుందని అడిగితే పరిస్థితి త్వరగా మారుతుంది.

మా వీధిలో ఆ కుప్ప మూడు రోజులే ఉంది. నాలుగో రోజు మేస్త్రీ దాన్ని జల్లెడ పట్టించి గోడ ప్లాస్టరింగుకు వాడేశాడు. పాప చేతిలో కొబ్బరి చిప్పతో గేటు దగ్గరకు వచ్చి, ఖాళీ జాగాను చూసి, "తాతా, లారీ మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.