జియోపాలిమర్ కాంక్రీట్ జాయింట్ దాకా వచ్చేసరికి ఎందుకు నిలిచిపోయింది?

సిమెంట్ లేని కాంక్రీట్ అనేది నిన్నమొన్నటి ఆలోచన కాదు. ఉక్కు ఫ్యాక్టరీలో మిగిలే స్లాగ్‌కి (లోహం కరిగించాక మిగిలే మడ్డి) సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) తగిలితే రాయిలా గట్టిపడుతుందని బెల్జియంలో పర్డన్ 1940లోనే చూపించాడు, 1950ల్లో కీవ్‌లో గ్లుఖోవ్‌స్కీ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు, 1970ల్లో ఫ్రాన్స్‌లో డేవిడోవిట్స్ ‘జియోపాలిమర్’ అని పేరు పెట్టాడు. 2000 తర్వాత పెర్త్‌లోని కర్టిన్ యూనివర్సిటీలో రంగన్ బృందం ఫ్లై యాష్‌తో (బొగ్గు కాల్చాక మిగిలే సన్నని బూడిద) బీములు, కాలమ్‌లు పోసి పరీక్షించింది. 2013లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ భవనంలో ఫ్లోర్ బీములకు వాడారు, మరుసటి ఏడాది బ్రిస్బేన్ వెస్ట్ వెల్‌క్యాంప్ ఎయిర్‌పోర్టులో విమానాలు నిలిపే చోట పరిచారు.

ఇవి నిజంగా పెద్ద అడుగులే. కానీ వీటిలో ఏదీ భూకంపాన్ని తట్టుకోవాల్సిన ఫ్రేమ్ జాయింట్ కాదు.

జాయింట్ కథ వేరే దారిలో నడిచింది. బీమ్, కాలమ్ కలిసే ఆ చిన్న ముక్క గురించి చాలాకాలం ఎవరూ విడిగా లెక్క వేయలేదు. 1967లో అమెరికాలో హాన్సన్, కానర్ జాయింట్‌ని అటూ ఇటూ మార్చి మార్చి లాగి పరీక్షించి, అన్ని వైపులా బీములు బిగించని జాయింట్లలో లోపల రింగులు (నిలువు కడ్డీల చుట్టూ వేసే కట్టు కడ్డీలు) ఉండాల్సిందేనని చెప్పారు. 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత ఈ విషయాల మీద పట్టుదల పెరిగింది, 1976లో అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ (ACI) వారి ‘కమిటీ 352’ జాయింట్ల మీద మొదటి నివేదిక ఇచ్చింది. న్యూజిలాండ్‌లో పార్క్, పాలే జాయింట్ లోపల షియర్ (ఒక పక్క ఇటు, ఇంకో పక్క అటు కోస్తున్నట్టు తోసే బలం) ఎలా ప్రవహిస్తుందో వివరించారు: కొంత మూల నుంచి మూలకి ఏటవాలుగా కాంక్రీట్ నలుగుతూ మోస్తుంది, మిగతాది కడ్డీలు, రింగులు పంచుకుంటాయి.

అసలు సమస్య ఇక్కడే ఉంది. అమెరికా కోడ్‌లో జాయింట్ షియర్ బలాన్ని కాంక్రీట్ నలుగుడు బలం వర్గమూలానికి ముడిపెట్టారు. ఆ సంబంధం మామూలు సిమెంట్ కాంక్రీట్ మీద చేసిన పరీక్షల నుంచి పుట్టింది. అదే బలమున్న జియోపాలిమర్ కాంక్రీట్ అంకెని ఆ సూత్రంలో వేస్తే అంకె వస్తుంది, సరే, కానీ ఈ పదార్థానికి సాగే గుణకం (ఎంత బిగుసుగా ఉంటుందో చెప్పే అంకె) సాధారణంగా తక్కువ, అంటే అదే లోడ్‌కి జాయింట్ ఎక్కువ వంకర పోతుంది, పైగా గరిష్ఠ లోడ్ దాటాక కాంక్రీట్ నిదానంగా కాకుండా టక్కున విరిగే ధోరణి చూపిస్తుంది. ఇంకోవైపు కడ్డీని పట్టుకునే శక్తి చాలా పరీక్షల్లో మామూలు కాంక్రీట్‌తో సమానంగానో మెరుగ్గానో వచ్చింది. జాయింట్‌కి ఇది చిన్న లాభం కాదు, ఎందుకంటే భూకంపంలో బీమ్ కడ్డీ జాయింట్ లోపల జారితే, అటూ ఇటూ లాగే పరీక్ష గ్రాఫులో పీల్చుకున్న శక్తిని చూపే లూపులు సన్నబడిపోతాయి. విరుపు గుణాన్ని తగ్గించడానికి స్టీల్ ఫైబర్లు కలిపిన ప్రయత్నాలు కూడా జరిగాయి, నాకు అవి ఆశాజనకంగానే కనిపిస్తాయి.

సైట్ సంగతి ఇంకా కష్టం. తక్కువ కాల్షియం ఫ్లై యాష్ మిక్స్‌కి 60 డిగ్రీల దగ్గర వేడి క్యూరింగ్ ఇస్తేనే బలం త్వరగా వస్తుంది, అది ఫ్యాక్టరీలో పోసే ముక్కలకి బాగానే ఉంటుంది, కానీ జాయింట్‌ని మాత్రం తరచుగా అక్కడికక్కడే పోయాలి. అందుకే స్లాగ్ కలిపి మామూలు వాతావరణంలోనే గట్టిపడేలా చేస్తారు, అప్పుడు తొందరగా సెట్ అయిపోతుంది. గట్టిపరచడానికి కలిపే సోడియం సిలికేట్ వల్ల మిక్స్ జిగటగా ఉంటుంది, జాయింట్‌లోనేమో నాలుగు వైపుల కడ్డీలూ రింగులూ ఇరుక్కుని ఉంటాయి. అలాంటి చోట ఖాళీలు మిగలకుండా నింపడం ఎంత కష్టమో పోసినవాళ్లకే తెలుస్తుంది, దీన్ని ల్యాబ్ ఫలితాలు చూసి తేలిగ్గా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఫ్లై యాష్ ఏ బాయిలర్ నుంచి వచ్చిందో బట్టి మిక్స్ మారిపోతుంది కాబట్టి, ఒక ల్యాబ్‌లో బాగా ఆడిన జాయింట్ ఇంకోచోట అలాగే ఆడుతుందన్న హామీ లేదు. కావాల్సింది పూర్తి సైజు జాయింట్లు, వేడి క్యూరింగ్ లేకుండా సైట్‌లో పోసినట్టే పోసి, రింగులు ఎక్కడ సాగాయో, కడ్డీ ఎంత జారిందో కొలిచి చూసే పరీక్షలు.