కాలేయం దాకా వెళ్లి ఆగిపోయిన బీపీ మాత్ర

మన ఇళ్లలో పెద్దవాళ్లు బీపీకి రోజూ వేసుకునే ఆమ్లోడిపిన్, తాగుడుతో దెబ్బతిన్న కాలేయాన్ని కాపాడుతుందేమోనని ఒకప్పుడు వైద్యులు గట్టిగానే ఆశపడ్డారు. ఆ ఆశ ఊరికే పుట్టలేదు.

కణంలోకి కాల్షియం వెళ్లే దారులను అడ్డుకునే ఈ కోవ మందుల గుట్టును 1960లలో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ విప్పారు. అప్పటి ధ్యాసంతా గుండె మీద, రక్తనాళాల మీద. చూపు కాలేయం వైపు మళ్లింది అక్కడుండే కుప్ఫర్ అనే రక్షక కణాల వల్ల. అతిగా తాగేవారి పేగు గోడ పట్టు సడలి, ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం, పేగుల రక్తాన్ని కాలేయానికి తెచ్చే పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది. అక్కడ కాపలా కాసే కుప్ఫర్ కణాలకు అది తగలగానే వాటిలో కాల్షియం పెరిగి, టీఎన్ఎఫ్ ఆల్ఫా వంటి వాపు పుట్టించే పదార్థాలు బయటికి వస్తాయి. అమెరికాలోని చాపెల్ హిల్‌లో రోనాల్డ్ థర్మన్ బృందం 1996లో, ఎలుకల పొట్టలోకి గొట్టం ద్వారా వారాల తరబడి ఆల్కహాల్ ఎక్కిస్తూ ఇదే కోవకు చెందిన నిమోడిపిన్ కూడా ఇచ్చి చూస్తే, కాలేయానికి జరిగే హాని బాగా తగ్గింది.

మనుషుల్లో అలా జరగలేదు. తాగుడు వల్ల కాలేయం వాచే తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్‌తో ఉన్న 60 పైచిలుకు రోగుల్లో కొందరికి ఆమ్లోడిపిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర నాలుగు వారాలు ఇచ్చి 1998లో వెల్లడించిన ఫలితాల్లో మేలేమీ కనబడలేదు. ఎలుకకు మందు, మద్యం కలిసే అందాయి. రోగి మాత్రం కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, ఏళ్ల తాగుడు తన పని తాను చేసేశాక ఆసుపత్రికి వస్తాడు. నా దృష్టిలో ఈ తేడా చాలా పెద్దది.

కాలేయం చెడినప్పుడు పోర్టల్ సిరలో పెరిగే ఒత్తిడికి కూడా ఈ మందులు కలిసిరాలేదు. ఈ కోవలోని నిఫెడిపిన్ వంటివి పేగులకు వెళ్లే ధమనులను వెడల్పు చేసి ఆ సిరలోకి రక్తాన్ని ఇంకా ఎక్కువగా పంపగలవు. 1980ల తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో డిడియర్ లెబ్రెక్ నిరూపించిన, ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) దారే నిలిచింది.

ఆమ్లోడిపిన్‌ను విరిచేది కాలేయమే. అది చెడినప్పుడు మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి, అలాంటివారికి బీపీ కోసమైనా 2.5 మిల్లీగ్రాములతోనే మొదలుపెడతారు.