టోటల్ 9 వస్తే ఏమవుతుంది? పెద్ద సంఖ్యలపై అపోహలు - వాస్తవాలు

మా కోనసీమలో కొత్త బండి కొన్నా, కొత్త సిమ్ తీసుకున్నా ముందు వచ్చే ప్రశ్న "టోటల్ ఎంత?" తొమ్మిది వచ్చిందంటే అదనంగా డబ్బు పెట్టడానికీ వెనకాడరు. అమలాపురంలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే నన్ను కూడా అడుగుతుంటారు. ఫోన్ నంబరంత పొడవున్న 4294967297ని పట్టుకుని చెబుతాను.

అపోహ: అంకెల టోటల్‌లో సంఖ్య గుణం తెలుస్తుంది.

వాస్తవం: అంకెలు కూడుతూ పోతే చివరికి మిగిలేది, ఆ సంఖ్యను 9తో భాగిస్తే వచ్చే శేషమే. శేషం సున్నా అయితే టోటల్ 9 వస్తుంది. మన సంఖ్యకు 59, తర్వాత 14, తర్వాత 5. కాబట్టి 3తో గానీ 9తో గానీ పోదు. అంకెల్ని ఎలా తారుమారు చేసినా అదే 5. టోటల్ 9 ఉన్న ఫ్యాన్సీ నంబరుకు గ్యారంటీ ఒక్కటే: అది 9తో భాగింపబడుతుంది, అంటే ప్రధాన సంఖ్య కాదు. అదృష్టం సంగతి లెక్కల సిలబస్‌లో లేదు.

అపోహ: 7కి భాజనీయతా సూత్రం లేదు.

వాస్తవం: ఉంది. 7, 11, 13ల లబ్ధం 1001, అంటే వెయ్యికి ఒకటి ఎక్కువ. అందుకని కుడినుంచి మూడేసి అంకెలు విడదీసి, ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోవాలి: 297 - 967 + 294 - 4. గుర్తు వదిలేస్తే 380. అది 7తో, 11తో, 13తో దేనితోనూ పోదు, కాబట్టి మన సంఖ్యా పోదు. లక్షలు, కోట్లు అని రెండేసి అంకెలకు కామా పెట్టే అలవాటు వల్ల పిల్లలు తడబడేది ఇక్కడే.

అపోహ: సంఖ్య పెద్దదైతే కారణాంకాలూ ఎక్కువే.

వాస్తవం: 5040కి 60 ఉన్నాయి. మన పది అంకెల సంఖ్యకు నాలుగే.

అపోహ: ప్రధాన సంఖ్యో కాదో తేలాలంటే సగం దాకా భాగించి చూడాలి.

వాస్తవం: వర్గమూలం దాకా చాలు. రెండు కారణాంకాలూ వర్గమూలాన్ని దాటితే లబ్ధం సంఖ్యనే దాటిపోతుంది కదా. మన సంఖ్య 65536 వర్గానికి 1 ఎక్కువ. అయినా 65536 లోపు 6542 ప్రధాన సంఖ్యలున్నాయి, చేత్తో చేయాలంటే టెన్షనే.

అపోహ: వరుసగా ఐదుసార్లు నిజమైంది ఆరోసారీ నిజమే.

వాస్తవం: 3, 5, 17, 257, 65537. ఒక్కోదాంట్లోంచి 1 తీసి, వర్గం చేసి, 1 కలిపితే తర్వాతది వస్తుంది. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మన 4294967297. అదీ ప్రధానమేనని గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు. దీని కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాల్సిందే. అలాంటి ప్రధాన సంఖ్యల్లో మొదటి ఐదు 193, 257, 449, 577, 641. ఆరు వేల పైచిలుకు భాగహారాలు ఐదుకి దిగాయి! పిల్లలకు నేను టోటల్ కంటే ముందు చూపించేది దీన్నే. ఆ వరుసలో 65537 తర్వాత ఇప్పటిదాకా ఒక్క ప్రధాన సంఖ్యా దొరకలేదు. ఇక లేవని రుజువూ లేదు.