రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కట్టిన ఆధునిక బడులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇవి అలంకారం లేని కాంక్రీటు డబ్బాలు. కాపాడాల్సినంత ఏముంది?

వాస్తవం: క్షయకు మందు లేని రోజుల్లో వీటి ఆలోచన పుట్టింది. స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1943లో. అంతకుముందు బలహీనంగా ఉన్న పిల్లలకు ఎండ, గాలి, తిండి తప్ప వేరే వైద్యం లేదు. 1904లో బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బుర్గ్‌లో చెట్ల మధ్య మొదలైన ఆరుబయలు బడి 1930 నాటికి కాంక్రీటు, ఉక్కు, గాజుతో కట్టే భవనంగా మారింది.

వాస్తుశిల్పులు యాన్ డౌకర్, బెర్నార్డ్ బైఫూట్ ఆమ్‌స్టర్‌డామ్‌లో క్లియోస్ట్రాట్ వీధి ఇళ్ల వెనక ఖాళీ స్థలంలో కట్టిన బడినే చూడండి. పై అంతస్తుల్లో రెండేసి తరగతి గదులు, వాటి మధ్య గోడల్లేని ఆరుబయలు గది. స్తంభాలను మూలల్లో పెట్టకుండా భుజాల మధ్యకు జరిపారు కాబట్టి మూలలకు గాజు తప్ప అడ్డు లేదు. పారిస్ పక్కన స్యురేన్‌లో బోదువాఁ, లోడ్స్ కట్టిన బడిలో తరగతులు విడివిడి మంటపాలు. మూడు వైపులా గాజు గోడలు మడుచుకుని తెరుచుకుంటాయి. స్లాబు, చట్రం, గాజు ఎంత సన్నగా ఉంటే గదిలోకి అంత వెలుగు. మా దృష్టిలో వీటి వారసత్వ విలువంతా ఆ సన్నదనంలోనే ఉంది. వీటికొచ్చే జబ్బులకు మూలం కూడా అదే.

అపోహ: పెచ్చులూడుతున్నాయంటే నాసిరకం పని. కూల్చడమే దారి.

వాస్తవం: చాలాచోట్ల తప్పు పనిలో లేదు, కవరులో, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందంలో ఉంది. చువ్వ మీద 10–15 మి.మీ. కాంక్రీటు చాలని ఆనాటి నమ్మకం. మన కాంక్రీటు నిర్మాణ ప్రమాణం ఐఎస్ 456 ఇవాళ మామూలు పరిస్థితుల్లోనే 20, సముద్ర తీరంలో కనీసం 45 మి.మీ. అడుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి ఇంకే కొద్దీ కాంక్రీటు క్షారగుణం తగ్గుతుంది, దీన్నే కార్బొనేషన్ అంటారు. ఆ గుణాన్ని కొలిచే పీహెచ్ సుమారు 13 నుంచి 9 కిందికి దిగితే చువ్వకు రక్షణ పొర పోయి తుప్పు మొదలవుతుంది. ఆ తుప్పు ఉబ్బి పైపెచ్చును తోసేస్తుంది. ఇంకే లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. అంటే 15 మి.మీ. చేరడానికి 30 ఏళ్లు పడితే, 30 మి.మీ. చేరడానికి 120 ఏళ్లు పడుతుంది. ఆ కొద్ది మిల్లీమీటర్లకు అంత తేడా ఉంది.

ముందు పరీక్ష. కొత్తగా పగలగొట్టిన ముఖం మీద దుమ్ము ఊది, 1 శాతం ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. ముదురు గులాబీ రంగు వస్తే అక్కడ క్షారం ఉన్నట్టు. రంగు రాకపోతే కార్బొనేషన్ అక్కడిదాకా వచ్చేసింది. కవర్ మీటరుతో చువ్వల లోతు కూడా కొలిచి రెండు అంకెలూ పక్కపక్కన పెడితే, ఏ భాగం ఎప్పుడు దెబ్బతింటుందో అంచనా దొరుకుతుంది.

మరమ్మతులో సుత్తితో తట్టి బోలు శబ్దం వచ్చిన మేర గీత గీయాలి. అంచును కట్టరుతో నిలువుగా సుమారు 10 మి.మీ. కోయాలి. అయితే కవరే 10 మి.మీ. ఉన్నచోట బ్లేడు చువ్వనే కోసేస్తుంది, అక్కడ లోతు తగ్గించాలి. చువ్వ వెనక 20–25 మి.మీ. వరకు చెక్కాలి. సన్నటి స్లాబుల్లో ముందు కింద ప్రాపులు (ఊత స్తంభాలు) పెట్టకుండా ఈ పనికి దిగకూడదు. పాత కాంక్రీటు కంటే మరీ బలమైన మోర్టారు వాడితే అతుకు దగ్గర చీలుతుంది. ఉప్పు చేరిన కాంక్రీటులో చిన్న అతుకు వేస్తే దాని చుట్టూ ఉన్న చువ్వే కొత్తగా తుప్పు పడుతుంది. అందుకే ఆ ఉప్పును, అంటే క్లోరైడును, కొలవకుండా అతుకు వేయొద్దు.

కవరు చాలడం లేదని పైన మరో 30 మి.మీ. పొర కొట్టడం అన్నిటికంటే చెడ్డ సలహా. చువ్వ దక్కుతుంది, భవనం రూపం పోతుంది. ఉప్పు సమస్య లేకుండా కార్బొనేషన్ ఒక్కటే ఉంటే, విద్యుత్తుతో క్షారగుణాన్ని తిరిగి ఎక్కించే పద్ధతి ఉంది. కొన్ని రోజుల పని, మందం పెరగదు. కంకర క్షారంతో చర్య జరిపే రకం కాదని ముందే తేల్చుకోవాలి.

అపోహ: తుప్పు పట్టిన ఉక్కు కిటికీలకు అల్యూమినియమే విరుగుడు.

వాస్తవం: తుప్పు అసలు లోహం కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది కాబట్టి కంటికి ఎక్కువ కనిపిస్తుంది. గీకి చూస్తే చాలాసార్లు లోపల గట్టి ఉక్కే ఉంటుంది. బాగా తినేసేది నీరు నిలిచే కింది పట్టీని. ఆ ముక్క వరకు కోసి, అదే ఆకారం ఉక్కు వెల్డింగ్ చేస్తే సరిపోతుంది. పాత రంగులో సీసం ఉంటుంది, పొడిగా రుద్దకండి. మెరిసేదాకా శుభ్రం చేసి జింక్ ప్రైమర్ కొట్టి, ఉక్కు కిటికీలకని చేసిన పుట్టీ పెట్టాలి. చెక్క నూనెను పీల్చుకుంటుంది, ఉక్కు పీల్చుకోదు, అందుకే చెక్క పుట్టీ ఇక్కడ ఆరదు. పై రంగు గాజు మీదికి 2 మి.మీ. ఎక్కేలా వేస్తే నీరు లోపలికి దిగదు.

25–30 మి.మీ. కనిపించే చట్రం స్థానంలో 60 మి.మీ. అల్యూమినియం వస్తే ముందువైపంతా బరువెక్కి, గదిలో వెలుగు తగ్గుతుంది. వేడి ఆదా కావాలంటే 6–8 మి.మీ. వాక్యూమ్ గాజు (మధ్యలో గాలి తీసేసిన రెండు పలకలు) పాత గాడిలో పట్టే అవకాశం ఉంది. మామూలు 24 మి.మీ. జంట గాజు పట్టదు. బరువును పాత కీళ్లు మోస్తాయో లేదో చూసుకోవాలి.

అపోహ: ఆధునిక శైలి అంటే తెలుపు.

వాస్తవం: మన కళ్లకు ఆ తెలుపును అలవాటు చేసింది నలుపు తెలుపు ఫొటోలు. జర్మనీలోని డెస్సావ్‌లో బౌహౌస్ అనే కళల బడి భవనంలో రంగుల పథకం హిన్నెర్క్ షెపర్‌ది. బెర్లిన్ దగ్గరి బెర్నావులో హానెస్ మేయర్, హాన్స్ విట్‌వర్ కట్టిన కార్మిక సంఘాల బడి పసుపు ఇటుకది. సున్నం కొట్టే ముందు స్కాల్‌పెల్‌తో (సన్నటి శస్త్రచికిత్స కత్తితో) పాత రంగు పొరలను మెట్లు మెట్లుగా తెరిచి చూడండి.

అపోహ: చదును కప్పు కారక తప్పదు.

వాస్తవం: కారేది వాలు లేని కప్పు. 1:40 వాలు (40 అడుగులకు ఒక అడుగు దిగేలా) అనుకుని కడితే చివరికి 1:80 అయినా దక్కుతుంది. గోడ వెంట నీరు దిగకుండా వేసే పొరను 150 మి.మీ. పైకి తిప్పాలి. కొత్త ఇన్సులేషన్‌ను అంచు నుంచి వెనక్కి ఆపాలి, లేకపోతే కప్పు అంచు లావెక్కుతుంది.

అపోహ: ఇన్ని మార్పులు జరిగాక వారసత్వం ఏం మిగిలింది?

వాస్తవం: బెర్నావు బడి దశాబ్దాల పాటు చేర్పుల కింద మరుగున పడింది. వాటిని విప్పి బాగుచేశాక 2017లో యునెస్కో జాబితాకెక్కింది.

అపోహ: వేసవిలో ఈ గదుల్లో కూర్చోలేం.

వాస్తవం: గాజు ఎక్కువ, నిజమే. కానీ అవి తెరుచుకునే గాజులని మర్చిపోతున్నారు. పొరల మీద పొరలుగా వేసిన రంగుకు కిటికీల పై రెక్కలు అతుక్కుపోయి ఉంటాయి. ఏసీ అంచనా వేయించే ముందు ఆ రెక్కలు విడిపించి, కీళ్లకు నూనె వేసి, పీకేసిన బయటి తెరలను తిరిగి కట్టి, ఒక వేసవి ఉష్ణోగ్రతలు నమోదు చేయండి.