వేడి సీటులో పుట్టాలి, తీగలో కాదు

జనవరిలో లేహ్ రాత్రులు సున్నాకు పదిహేను డిగ్రీల దిగువకు పోవడం మామూలే. ఆ చలిలో తెల్లవారుజామున డీజిల్ మహీంద్రా థార్‌ని స్టార్ట్ చేస్తే క్యాబిన్ హీటర్ నుంచి వెచ్చటి గాలి రావడానికి చాలాసేపు పడుతుంది. డీజిల్ ఇంజను ఇంధనాన్ని పొదుపుగా వాడుకుంటుంది కాబట్టి అందులో వృథా అయ్యే వేడి తక్కువ. హీటర్ ఆధారపడేదేమో ఆ వృథా వేడి మీదే. సీటు హీటర్‌కి ఇంజను వేడితో పనిలేదు. కరెంటు అందిన కొద్ది నిమిషాల్లోనే వీపుకీ తొడలకీ వెచ్చదనం నేరుగా తగులుతుంది. క్యాబిన్‌లో గాలినంతా వేడిచేయడానికి కిలోవాట్లు కావాలి, ఒంటికి ఆనుకున్న గుడ్డకి యాభై అరవై వాట్లు చాలు. 1966 మోడల్ కాడిలాక్ కార్లలోనే వచ్చిన ఈ సదుపాయం కంపెనీ నుంచి లేని బండికి తర్వాత బిగించుకోవడం కష్టమేమీ కాదు. లంబసింగి చలికైతే ఇంత శ్రమ అక్కర్లేదు. లద్దాఖ్, స్పితి వైపు శీతాకాలంలో తిరిగే బండికి మాత్రం బాగా పనికొస్తుంది.

మార్కెట్‌లో దొరికే కిట్‌లో సీటుకి రెండు ప్యాడ్‌లు ఉంటాయి, కూర్చునే చోటుకొకటి, వీపుకొకటి. కార్బన్ ఫైబర్ ప్యాడ్ కొనడం మేలు. అందులో పోగులన్నీ సమాంతరంగా ఉంటాయి కాబట్టి ఒకటి తెగినా మిగతావి పనిచేస్తాయి. ఒకే తీగ మెలికలు తిరిగి ఉండే రకంలో ఎక్కడ తెగినా ప్యాడ్ మొత్తం చల్లబడుతుంది. పైగా దాన్ని ఎక్కడా కత్తిరించకూడదు.

ప్యాడ్ మీద 12 వోల్టులకు 30 వాట్లు అని రాసి ఉందనుకుందాం. అంటే దాని నిరోధం 4.8 ఓములు. ఇంజను తిరుగుతున్నప్పుడు బండిలో ఉండేది 12 కాదు, దాదాపు 14 వోల్టులు. వోల్టేజి వర్గాన్ని బట్టి వాట్లు పెరుగుతాయి కాబట్టి అదే ప్యాడ్ సుమారు 41 వాట్లు తీసుకుంటుంది. ముందు సీట్లు రెండింటికీ నాలుగు ప్యాడ్‌లు, 163 వాట్లు, దాదాపు 11.7 ఆంపియర్లు. తీగ, ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) అన్నీ ఈ అంకె చూసి కొనాలి, డబ్బా మీద రాసింది చూసి కాదు.

బ్యాటరీ నుంచి సీట్ల దాకా 4 మీటర్ల తీగ పడుతుందనుకుంటే, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో పోయేది 0.3 వోల్టు మాత్రమే. స్పీకర్లకి వాడే 0.75 తీగ లాగితే ఒక వోల్టు దాకా పోతుంది, సీటుకి చేరే వేడి పద్నాలుగు శాతం తగ్గుతుంది, పది వాట్లకు పైగా కార్పెట్ కింద తీగలోనే కాలిపోతాయి. అంతకన్నా ప్రమాదం వదులు జాయింటు. సరిగా నొక్కని లగ్గు (తీగ కొసకు తొడిగే లోహపు ముక్క) దగ్గర పదో వంతు ఓము నిరోధం ఉన్నా, గోరంత చోట పదకొండు వాట్ల వేడి పుడుతుంది. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగే చోటు ఎప్పుడూ అదే.

రాళ్లదారిలో తిరిగే బండికి టంకం కన్నా క్రింపు (లగ్గుని తీగ మీద నొక్కి బిగించడం) నయం. టంకం తీగ పోగుల్లోకి పాకి కొంత మేర బిరుసెక్కిస్తుంది. ఎడతెగని అదురుకి ఆ బిరుసు ముగిసే చోట పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. రాచెట్ క్రింపింగ్ టూల్‌తో నొక్కి, పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు వేస్తే నీరు కూడా చొరబడదు. చేత్తో గట్టిగా లాగి చూడాలి. ఊడితే అప్పుడే ఊడనివ్వడం మంచిది.

పాజిటివ్ తీగ మీద బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఫ్యూజుకీ బ్యాటరీకీ మధ్య తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఆపే దిక్కు ఉండదు, అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఇంజను గది నుంచి లోపలికి రావడానికి కంపెనీ వేసిన గ్రోమెట్ (తీగ ఒరుసుకోకుండా రంధ్రానికి వేసే రింగు) వాడుకోవాలి. కొత్త రంధ్రం తప్పనిసరైతే అంచులు ఆకురాయితో నున్నగా చేసి, రంగు పూసి, రబ్బరు గ్రోమెట్ వేయాలి.

నాలుగు కాళ్ల రిలేలో 30 అని రాసిన కాలికి ఫ్యూజు దాటి వచ్చిన తీగ, 87 నుంచి సీట్లకు, 85కి ఎర్తు (బండి బాడీ), 86కి తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే లైను ఇవ్వాలి. ఆ లైనుని ఫ్యూజు బాక్సులో ఫ్యూజు ట్యాప్ (ఫ్యూజు చోట గుచ్చి మరో లైను తీసుకునే ముక్క) పెట్టి తీసుకోవాలి, కంపెనీ తీగని మధ్యలో చీల్చకూడదు. చీలిస్తే వారంటీకి చిక్కు. రిలే కాయిల్ తీసుకునేది ఆంపియర్‌లో చిన్న భాగమే కాబట్టి ఆ లైను మీద భారం పడదు. రిలే దాటాక ఒక్కో సీటుకి విడిగా 7.5 ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. కిట్‌తో వచ్చే తీగలు సన్నం, పెద్ద ఫ్యూజు కాలేలోపు అవి కాలిపోవచ్చు. తాళంతో ముడిపెట్టకపోతే మరో నష్టం: 60 ఆంపియర్-గంటల బ్యాటరీ గడ్డకట్టే చలిలో సగం బలమే చూపుతుంది, రెండు మూడు గంటలు స్విచ్ మరిచిపోతే ఆ కొండల్లో బండి స్టార్ట్ కాదు.

2020 నుంచి వస్తున్న థార్ నేల కడగడానికి వీలుగా ఉంటుంది, నీరు పోయే బిరడాలు కూడా ఉన్నాయి. అంటే ఆ నేల మీద నీరు నిలిచే అవకాశం ఉందన్నమాట. కాబట్టి కనెక్టర్లు నేల మీద పడి ఉండకూడదు, సీటు ఫ్రేముకి కట్టాలి. రిలే ఎత్తులో, కాళ్లు కిందికి ఉండేలా బిగించాలి. వెనక్కి ఎక్కడానికి పక్క సీటు మడిచి ముందుకు జరుపుతారు కాబట్టి, సీటుని ఆ కొస నుంచి ఈ కొసకు జరిపి, మడిచి చూసి, ఎక్కడా బిగుసుకోనంత వదులు తీగ ఉంచి, ముడతల పైపులో వేయాలి.

ఇక సీటు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ బండి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. మారుతి జిమ్నీలో పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. అవి తెరుచుకునేటప్పుడు చిరగాల్సిన కుట్టు సీటు అంచున ఉంటుంది. ప్యాడ్ గానీ తీగ గానీ ఆ వైపు వెళ్లకూడదు, కవరుని మామూలు దారంతో తిరిగి కుట్టించకూడదు. ఎయిర్‌బ్యాగుల పసుపు కనెక్టర్లని మీటరుతో ముట్టుకోవద్దు.

ప్యాడ్‌ని ఫోముకీ కవరుకీ మధ్య జిగురు టేపుతో చదునుగా పరచాలి. ఫోములో కవరుని లాగి కట్టే గాడి మీద ప్యాడ్ వేలాడితే అక్కడి వేడి ఎటూ పోలేక పోగులు కాలతాయి, కాబట్టి పోగులు లేని ఖాళీ భాగమే గాడి మీదకి రావాలి. మడత పడకూడదు. కవరు మూసే ముందు ఓములు కొలవాలి, కవరుని పట్టి ఉంచే రింగులు బిగించాక మళ్లీ కొలవాలి. 4.8 ఉన్నది 6 అయితే లోపల కొన్ని పోగులు తెగినట్టే. కొన్ని కిట్‌లలో రెండు ప్యాడ్‌లూ వరుసగా కలిపి ఉంటాయి. వాటిని విడదీసి ఒక్కోదానికి నేరుగా 12 వోల్టులు ఇస్తే నాలుగింతల వాట్లు లాగి మాడిపోతాయి.

వేడి హద్దు దాటితే కరెంటు ఆపే థర్మోస్టాట్ లేని కిట్‌ని ఎంత చవకైనా కొనకూడదు. మోరిట్జ్, హెన్రిక్స్ 1947లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 44 డిగ్రీల వేడి కూడా ఆరు గంటలు ఆనుకుని ఉంటే చర్మాన్ని కాలుస్తుంది, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ సమయం వేగంగా తగ్గుతుంది. మామూలు మనిషి మంట తెలియగానే కదులుతాడు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి, షుగరు వల్ల స్పర్శ తగ్గినవారికి ఆ హెచ్చరిక అందదు. వాళ్లు కూర్చునే సీటుకి స్విచ్ ఆపి ఉంచాలి, పసిపిల్లల సీటు బిగించే చోట అసలు వేయకూడదు.

పని అయ్యాక ఇంజను నడుస్తుండగా రెండు సీట్లూ ఇరవై నిమిషాలు పూర్తి వేడిమీద ఉంచి, ఫ్యూజు హోల్డరు, రిలే కాళ్లు, ఎర్తు బోల్టు, సీటు కింది కనెక్టర్లు ఒక్కోటి వేలితో తాకాలి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు నిలవనంత వేడిగా ఉన్న జాయింటుని కోసేసి మళ్లీ క్రింపు చేయాలి. బ్యాటరీ దగ్గరా, ప్యాడ్ కనెక్టర్ దగ్గరా వోల్టేజి కొలిచినప్పుడు తేడా అర వోల్టు దాటితే ముందు ఎర్తు చూడాలి. రంగు గీకకుండా బిగించిన ఎర్తు బోల్టే చాలాసార్లు దానికి కారణం. మొదటి గతుకుల ప్రయాణం నుంచి వచ్చాక ఈ పరీక్ష మరోసారి చేసి, బోల్టులన్నీ స్పానర్‌తో చూసుకోవాలి.