డిక్కీలో వూఫర్, కావాలంటే ఇంట్లో: ఊడదీసుకునే బాక్స్ మీద అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు ఆడియో బిగించే పనిలో నాకు పదహారేళ్లు నిండాయి. స్విఫ్ట్, ఐ20, బాలెనో, టియాగో... నా షెడ్డుకు వచ్చేవాటిలో ముప్పాతిక వంతు హ్యాచ్‌బ్యాక్‌లే. దిగగానే చాలామంది అనే మొదటి మాట ఒకటే: "అన్నా, వూఫర్ కావాలి, డిక్కీ మాత్రం పోకూడదు." న్యాయమైన కోరికే. వూఫర్ అంటే పాటలోని దిగువ శబ్దాన్ని, అంటే బేస్‌ని మోగించే పెద్ద స్పీకర్, చెక్క బాక్స్‌లో బిగించి ఉంటుంది. కొత్త స్విఫ్ట్ డిక్కీ 265 లీటర్లు, టియాగోది 242. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, అరిసెల డబ్బా, కొబ్బరికాయలు అన్నీ అందులోనే పట్టాలి. అందుకే అవసరం లేనప్పుడు ప్లగ్ పీకి ఇంట్లో పెట్టుకునే బాక్స్ అడుగుతారు. దాని మీద రోజూ వినే మాటల్లో కొన్ని ఉత్త అమాయకత్వం, కొన్ని మాత్రం ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: "హ్యాచ్‌బ్యాక్‌లో బేస్ ఏం వస్తుంది? సెడాన్ ఉండాలి."

సరిగ్గా తిరగేసి చెప్తున్నారు. సెడాన్‌లో డిక్కీ వేరే గది. వెనుక సీటునీ, దాని వెనకున్న రేకునీ దాటుకుని బేస్ మన దగ్గరికి రావాలి. హ్యాచ్‌బ్యాక్‌లో మనం కూర్చునే చోటు, డిక్కీ ఒకటే గది. మధ్యలో ఉండేది తేలికపాటి పార్సిల్ ట్రే. బేస్‌కి అది ఒక లెక్క కాదు.

ఇంకో సంగతి ఉంది, ఇది తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది. కారు లాంటి చిన్న మూసిన చోట బేస్ దానంతటదే పెరుగుతుంది. 80 హెర్ట్జ్ (సెకనుకు 80 కంపనాలు) శబ్దం అల పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. ఇంకా కిందికి వెళ్తే ఆ అల కారు లోపలి పొడవు కంటే చాలా పెద్దదైపోతుంది. అప్పుడు వూఫర్ చేసే పని అలలు పంపడం కాదు, సైకిల్ పంపులాగా లోపలున్న గాలి మొత్తాన్ని నొక్కడం, వదలడం. చిన్న కార్లలో ఇది ఇంచుమించు 60-70 హెర్ట్జ్ నుంచి కిందికి మొదలవుతుంది. సీల్డ్ బాక్స్‌లో (గాలి పోకుండా అన్ని వైపులా మూసింది) వూఫర్ శబ్దం కిందికి పోయేకొద్దీ ఆక్టేవ్‌కు, అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. కాగితం మీద లెక్క వేస్తే, కారు దాన్ని అంతే పైకి లేపుతుంది. అద్దాలు, తలుపులు, పైకప్పు రేకు కొంత తినేస్తాయి కాబట్టి నిజంలో అంత రాదు. వచ్చినంతే బోలెడు. అదే బాక్స్‌ని ఇంటి హాల్లో పెట్టి వినిపిస్తే "ఇదేంటన్నా, ప్రాణం లేదు" అంటారు.

కాబట్టి చిన్న సీల్డ్ బాక్స్ ఇక్కడ సర్దుబాటు కాదు, సరైన ఎంపికే. 12 అంగుళాల వూఫర్‌కి 28 నుంచి 35 లీటర్లు, 10 అంగుళాలకి 17 నుంచి 22 లీటర్లు సాధారణంగా చాలు. వూఫర్‌తో పాటు వచ్చే కాగితంలో కంపెనీ చెప్పిన లెక్క ఉంటుంది, దాన్నే పాటించండి. పోర్టెడ్ బాక్స్ (గాలి వచ్చిపోయే రంధ్రం ఉన్నది) గట్టిగా మోగుతుంది, ఒప్పుకుంటాను. కానీ దానికి చోటు చాలా ఎక్కువ కావాలి, మోసి దించేసరికి నడుం పట్టేస్తుంది. 15 అంగుళాలు అడిగేవాళ్లకు నేను చెప్పేది, డిక్కీని మర్చిపోండని.

అపోహ: "బాక్స్ అంత బరువుంది, ఎక్కడికి కదులుతుంది?"

నన్ను నిద్రపోనివ్వని మాట ఇది. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో (చెక్క పీచు నొక్కి చేసే పలక) చేసిన బాక్స్, అందులో 12 అంగుళాల వూఫర్, మొత్తం 18 కిలోల దాకా తూగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. ఆ బాక్స్ ముందుకు తోసే బలం రెండున్నర క్వింటాళ్లు. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు పది ఒక్కసారిగా వచ్చి వెనుక సీటుకు గుద్దుకున్నట్టు. ఆ సీట్లో కూర్చునేది ఎక్కువగా పిల్లలు.

కింద వెల్‌క్రో అంటిస్తే మలుపుల్లో జరగదు, అంతవరకే దాని ఉపయోగం. డిక్కీలో పక్కన ఉండే చిన్న ప్లాస్టిక్ కొక్కేలు కూరగాయల సంచీ కోసం పెట్టినవి, వాటికి కట్టొద్దు. నేను ఫ్లోర్ రేకుకి కింద వైపు పెద్ద వాషర్ వేసి బోల్టుతో డీ-రింగులు బిగిస్తాను, బాక్స్ మీదుగా రెండు రాచెట్ బెల్టులు లాగి కడతాను. విప్పడానికి ముప్పై సెకన్లు పట్టదు. డ్రిల్ పెట్టే ముందు బండి కిందికి దూరి చూడాల్సిందే. పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు అక్కడే పోతుంటాయి. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న డిక్కీలో డ్రిల్ పెట్టమంటే పెట్టను. ఆ బళ్లకు సీటు కింద పట్టే 8 అంగుళాల యాక్టివ్ వూఫర్ (శబ్దాన్ని పెంచే యాంప్ అందులోనే ఉండేది) చాలని పంపించేస్తాను.

అపోహ: "రెండు వైర్లే కదా, ఏ ప్లగ్ అయితే ఏంటి?"

ఒకాయన వేరే చోట బాక్స్ చేయించుకుని, పాడైపోయాక నా దగ్గరికి తెచ్చాడు. వైరు చివర టేబుల్ ఫ్యానుకు ఉండే టూపిన్ ప్లగ్. తేలిగ్గా దొరుకుతుంది, పాతిక రూపాయలు. బాక్స్ హాల్లో మూల పెట్టారు. వాళ్లబ్బాయి పాటల డబ్బా అనుకుని గోడ సాకెట్‌లో గుచ్చాడు. 230 వోల్టులు నేరుగా వూఫర్ లోపలి తీగచుట్ట, అంటే కాయిల్‌లోకి. ఎంసీబీ పడేలోపు ఒక్క గుర్రు, తర్వాత పొగ. పిల్లాడికేమీ కాలేదు, అదృష్టం. వూఫర్ మాత్రం చెత్తబుట్టలోకి.

ఇంట్లో కరెంటుకు వాడే ఏ ప్లగ్గూ స్పీకరుకు పెట్టకూడదు. దీనికోసమే పుట్టిన ప్లగ్ ఉంది, స్పీకాన్ అంటారు. లీక్టెన్‌స్టైన్‌లోని న్యూట్రిక్ కంపెనీ తయారుచేసింది. వినాయక చవితి పందిళ్లలో మైకుసెట్ వాళ్లు పెద్ద బాక్సులకు గుచ్చి తిప్పే గుండ్రటి ప్లగ్ అదే. తిప్పితే లాక్ పడుతుంది, గతుకులకు ఊడదు. లోపలి రాగి వేలికి తగలదు. ఒకే రకంగా పడుతుంది కాబట్టి ప్లస్, మైనస్ తారుమారయ్యే పని లేదు. ఇది చిన్న విషయం కాదు. వైర్లు తిరగబడితే ముందు స్పీకర్లూ వూఫరూ ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది, రెండూ కలిసే 80 హెర్ట్జ్ దగ్గర బేస్ సన్నబడిపోతుంది. "నిన్న బాగుంది, ఇవాళ లేదు" అని వచ్చే బళ్లలో నేను మొదట చూసేది అదే. సాకెట్‌ని డిక్కీ పక్కనున్న ప్లాస్టిక్ పలకకి బిగిస్తే, బాక్స్ తీశాక అక్కడ ఒక మూత తప్ప ఏమీ కనిపించదు.

యాంప్‌ని బాక్స్ మీదే బిగించి, మొత్తం కలిపి ఊడదీసే పద్ధతి ఒకటుంది. నాకు నచ్చదు. అప్పుడు రోజూ పీకేది బ్యాటరీ నుంచి వచ్చే లైవ్ వైరు అవుతుంది. యాంప్ బండిలోనే ఉండాలి, బాక్స్ ఒక్కటే బయటికి పోవాలి. ఎక్కడ పెట్టాలంటే, ఒకప్పుడు ముందు సీటు కిందే బిగించేవాణ్ణి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ని ముంచాక, సీటు కింద యాంప్ ఉన్న బళ్లు వరసపెట్టి వచ్చాయి. అప్పట్నుంచి వెనుక సీటు వీపుకి చెక్క పలక వేసి దానిమీద బిగిస్తున్నా. సీటు మడిచినా వైరు లాగకుండా కాస్త వదులు ఉంచాలి.

అపోహ: "వూఫర్ పీకేసి పాటలు పెడితే యాంప్ కాలిపోతుంది."

పాత వాల్వ్ యాంప్‌ల కాలం నాటి భయం. వాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, స్పీకర్ లేకుండా మోగిస్తే నిజంగానే చెడేవి. ఇప్పటి కారు యాంప్‌లు ట్రాన్సిస్టర్లవి. బాక్స్ లేకపోతే దాని వైపు కరెంటు పోదు, అంతే. వాటిని చంపేది షార్ట్. ప్లగ్ లేకుండా వదిలేసిన వైర్ల కొసలు రెండూ ఒకదానికొకటి తగిలినా, బాడీకి తగిలినా యాంప్ ప్రొటెక్షన్‌లోకి పోతుంది (తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది), లేదా శాశ్వతంగా పోతుంది! స్పీకాన్ ఉంటే ఆ టెన్షన్ లేదు. ఎలాగూ పీకే ముందు స్టీరియో ఆపండి. రిమోట్ వైరులో (స్టీరియో నుంచి వచ్చి యాంప్‌ని లేపే వైరు) చిన్న స్విచ్ పెట్టించుకుంటే బాక్స్ ఇంట్లో ఉన్నన్నాళ్లు యాంప్ అసలు లేవదు.

అపోహ: "బేస్ కొట్టినప్పుడు హెడ్‌లైట్లు మిణుకుమంటే కెపాసిటర్ పెట్టిస్తే చాలు."

కెపాసిటర్ అంటే కాస్త కరెంటు దాచి, అవసరమైనప్పుడు వదిలే డబ్బా. నీలం లైటుతో వోల్టేజీ అంకెలు చూపిస్తూ ముచ్చటగా ఉంటుంది. లెక్క వేద్దాం. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కి దిగేలోపు ఇచ్చేది 26 జౌళ్లు. 500 వాట్ల క్లాస్-డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్ నిండుగా మోగితే బ్యాటరీ వైపు నుంచి 625 వాట్లు లాగుతుంది. 26 జౌళ్లు ఎంతసేపు? సెకనులో పాతికో వంతు. ఒక డప్పు దెబ్బ కూడా పూర్తి కాదు.

అసలు రోగం ఎక్కువగా వైరులో ఉంటుంది. ఆ 625 వాట్లంటే సుమారు 45 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి వెనక్కి 5 మీటర్లు 8 గేజ్ రాగి వైరు వేస్తే అర వోల్టు దారిలోనే పోతుంది. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది, 4 గేజ్ అయితే 0.2 వోల్టు కూడా పోదు. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న కిట్లు మార్కెట్ నిండా ఉన్నాయి, వాటిలో నష్టం ఇంకా ఎక్కువ. బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. ఫ్యూజ్ బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అది యాంప్ కోసం కాదు, వైరు కోసం. ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజ్ ఎగిరిపోవాలి, బండి అంటుకోకూడదు. ఎర్త్ వైరు పొట్టిగా, పెయింటు గీకిన రేకుకి పడాలి. సీటు మడిచే కీలుకి బిగిస్తే ఎర్త్ సరిగ్గా రాదు. సీటుబెల్టు బోల్టు జోలికి అసలు పోవద్దు, ప్రమాదం జరిగితే ఆ బోల్టే మిమ్మల్ని పట్టుకునేది.

అపోహ: "డబ్బా మీద 1200 వాట్లని ఉంది."

ఆర్‌ఎంఎస్ (ఆగకుండా మోయగల అసలు వాట్లు) ఎంతో చదవండి. మిగతా అంకెలు అట్ట అందం కోసం.

అపోహ: "కంపెనీ స్టీరియో మారిస్తే గానీ వూఫర్ పెట్టలేం."

అక్కర్లేదు. చాలా యాంప్‌లకు ఇప్పుడు హై లెవెల్ ఇన్‌పుట్ ఉంటోంది, స్పీకరు వైరు నుంచే సిగ్నల్ తీసుకుంటుంది. బండి వైరింగ్ కోయకుండా మధ్యలో కప్లర్ (రెండు వైపులా గుచ్చే జోడింపు ప్లగ్) పెట్టి తీయమనండి. వారంటీ గొడవలు వచ్చేది కోసిన వైర్ల దగ్గరే.

అపోహ: "గెయిన్ అంటే వాల్యూమే, ఫుల్ పెట్టు అన్నా."

గెయిన్ అంటే స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే నాబ్. ఎక్కువ తిప్పితే శబ్దం చిరిగిపోతుంది, ఆ చిరిగిన శబ్దమే కాయిల్‌ని కాలుస్తుంది. ఊడదీసే ప్లగ్ ఇక్కడ నాకు బాగా పనికొస్తుంది. బాక్స్ ప్లగ్ పీకేసి, బేస్ బూస్ట్ సున్నా చేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక వంతు పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ వేస్తాను. సాకెట్ దగ్గర మల్టీమీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి చూస్తాను. 4 ఓమ్‌ల వూఫర్‌కి 250 వాట్లు కావాలంటే 31.6 వోల్టుల దగ్గర ఆగాలి. అక్కడికి తెచ్చి నాబ్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెడతాను. రెండు నెలల తర్వాత "వూఫర్ దానంతటదే పోయిందన్నా" అని ఎవరైనా వస్తే, మొదట ఆ చుక్క ఉన్న చోటే ఉందా అని చూస్తాను.