సున్నపురాయి తూకం

గుంటూరు

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వెల్ల వేయించినప్పుడు, పిడుగురాళ్ల బట్టీల నుంచి తెచ్చిన సున్నపు గడ్డ రాయంత బరువు ఎందుకు లేదని మీరు అడిగారు. ఆనాటి హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను.

స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలిస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలూ బొగ్గుపులుసు వాయువై, అంటే కార్బన్ డయాక్సైడై, గాలిలో కలుస్తాయి. దాన్ని కూడా పట్టి తూచగలిగితే లెక్క సరిపోతుంది. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ 1774లో మూసిన పాత్రలో తగరాన్ని కాల్చి, ముందూ తరువాతా ఓపికగా తూచి, బరువు మారలేదని చూపాడు. మీ పుస్తకంలోని ద్రవ్యనిత్యత్వ నియమం ఇదే. మన గోడమీది తడిసున్నం గాలిలోని అదే వాయువును కొంచెం కొంచెంగా తిరిగి తీసుకుని ఇప్పుడు మళ్ళీ రాయిగా గట్టిపడుతోంది.

పల్నాటి రాయిని కాల్చినా, గుల్లసున్నం కోసం సముద్రపు గుల్లల్ని కాల్చినా, మలినాలు లేకపోతే ఆ 56, 44 మారవు. ఫ్రాన్సుకే చెందిన రసాయన శాస్త్రవేత్త ప్రౌస్ట్ 1799లో రాగి కార్బొనేటుతో చెప్పిన స్థిరానుపాత నియమం ఇదే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తరువాతి సంగతి. 12 పాళ్ళ కార్బన్‌తో, గాలి చాలని చోట 16 పాళ్ళ ఆక్సిజన్ కలిసి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువవుతుంది. గాలి ధారాళంగా ఉంటే 32 పాళ్ళు కలిసి బొగ్గుపులుసు వాయువవుతుంది. సరిగ్గా రెట్టింపు, మధ్యలో 20 అనో 27 అనో ఆగే పదార్థం లేదు. మన మిర్చి యార్డులో బండిమీదికి ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఎక్కుతుంది, లేదా రెండు ఎక్కుతాయి. ఒకటిన్నర ఎక్కించే ఆచారం లేదు. ఆక్సిజన్ కూడా అలా విడదీయరాని మూటలుగానే వస్తోందనీ, ఒక్కో మూలకపు పరమాణువుకు ఒక్కో బరువు ఉందనీ ఇంగ్లండులో డాల్టన్ తలచి, 1808లో పుస్తకంగా ప్రకటించాడు. పరమాణువును కంట చూడకుండా తూకాల ద్వారానే అంత దూరం వెళ్ళడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

అయితే నీటిలో ఒక హైడ్రోజన్‌కు ఒక ఆక్సిజనే అని ఆయన అనుకోవడంతో పరమాణు భారాలు తప్పాయి. అవొగాడ్రో 1811లోనే దారి చూపినా, 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సభలో కనిజారో వివరించేదాకా చాలామంది దాన్ని పట్టించుకోలేదు. ఆ సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య